డ్రైవరుగారి బలం బిళ్లలు

మిన్ను విరిగి మీద పడినా స్టాపు కాని చోట బస్సు ఆపడని పేరున్న డ్రైవరు, ఈమధ్య దారిలో మరుగుదొడ్డి కనబడితే చాలు బ్రేకు వేస్తున్నాడు. కండక్టరు సొంత భార్య కాబట్టి పరువు దక్కింది. ముందు సీట్లో ఆయన భుజాలు ఇబ్బందిగా కదలగానే ఆవిడ తాడు లాగి గంట కొట్టేది. ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. "టైర్లు చూడాలి, రెండు నిమిషాలు కూర్చోండి" అని జనానికి సర్దిచెప్పేది. పూటకి ఆరుసార్లు టైర్లు చూసుకునే బస్సు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

డాక్టరుకి చూపించుకోమని ఆవిడ నెల రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన వింటేనా! చివరికి మొన్న ఖాకీ చొక్కా ఉతకబోతే జేబులో ఒక సీసా దొరికింది. పైన కండలు తిరిగిన మొనగాడి బొమ్మ, కింద 'మగవారికి హార్మోను బలం' అన్న అక్షరాలు. బిళ్లలు సగం అయిపోయాయి. నిలదీస్తే మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు. అందుకని సీసాను ఉతికిన చొక్కా జేబులోనే మళ్లీ పెట్టి, ఈరోజు ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది.

డాక్టరు చూసి, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందన్నాడు. "మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, మంచినీళ్లు తప్ప ఇంకేమీ..."

ఆవిడ ఉంగరం వేలితో బల్ల మీద ఒకసారి టక్కుమని కొట్టింది.

ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన మాట ఉన్నచోటే ఆగిపోయింది. జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పి మంచి పని చేశారు," అన్నాడు డాక్టరు. "ఇబ్బంది దీనివల్లే అని ఇప్పుడే అనలేను. కానీ ఆ గ్రంథిలో ఎక్కడైనా క్యాన్సర్ దాగి ఉంటే, ఈ హార్మోను దానికి మేత కావచ్చు. పరీక్ష చేయించుకోకుండా ఇలాంటివి ముట్టుకోకూడదు. ఇవి ఆపేసి, ముందు రక్తం ఇవ్వండి."

బయట ఇనప బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఎందుకు మింగారండీ ఆ చెత్త?"

"నువ్వు నాకన్నా పదేళ్లు చిన్నదానివి. నేనేమో స్టీరింగు తిప్పితే ఆయాసపడుతున్నా. నీ పక్కన ముసలాడిలా..."

ఆవిడకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "బస్సులో ఇన్నేళ్లూ నేను చూసింది మీ వీపే కదా! కుర్రాడు కావాలని ఎవరడిగారు మిమ్మల్ని? ఆ వీపు వంగిపోతే పోనివ్వండి. ఆ సీట్లో ఇంకొకరుంటే గంట కొట్టడానికి నాకు చెయ్యి రాదు."

ఆయన ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లోపల్నుంచి నర్సు రక్తానికి పిలిచింది. ఆయన లేవలేదు.

"భయంగా ఉందే," అన్నాడు చిన్నగా.

పరీక్షలో ఏం వస్తుందో ఆవిడకు మాత్రం ఏం తెలుసు? ఆవిడకూ భయమే. అయినా రెండో చేత్తో బెంచీ మీద రెండుసార్లు కొట్టింది.

ఆయన లేచాడు. ఆవిడ చెయ్యి వదలకుండానే కదిలాడు.