మెడ వెనుక చిక్కు

నాగరాణి జుట్టు మొండిదని తాండూరు పప్పు మిల్లులో ఎవరిని అడిగినా చెబుతారు. తప్పు జుట్టుది కాదు. రింగులు తిరిగిన జుట్టుకు నూనె కావాలి, నీళ్లు కావాలి, ఓపిక కావాలి. వీటన్నిటికంటే ముందు వెనక కూర్చోవడానికి ఇంకో మనిషి కావాలి. ఎన్ని నూనెలు అమ్మే దుకాణమైనా ఆ మనిషిని అమ్మదు గదా.

ఆ మనిషి ఆమెకు మొన్నమొన్నటిదాకా ఉంది. తల్లి హన్మమ్మ, వికారాబాద్‌లో. వారమంతా తలకు గుడ్డ చుట్టుకొని కందిపప్పు దుమ్ములో నిలబడే నాగరాణి, ఆదివారం పొద్దున్నే రైలెక్కి తల్లి దగ్గరికి పోయేది. కట్టుకున్నవాడు సేడం వైపు ఇంకో సంసారం పెట్టుకొని పదేళ్లు దాటింది. పిల్లలు లేరు. నలభై రెండేళ్ల మనిషి తలకు పోయించుకోవడానికి తల్లి దగ్గరికి పోవడమేమిటని మిల్లులో నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

హన్మమ్మది గొర్రెలు కాసే ఇల్లు. చిన్నప్పటి నుంచి ఉన్ని విడదీసిన చేతులు. పొడి జుట్టు మీద దువ్వెన ఆననిచ్చేది కాదు. ముందు తలంతా తడిపి, కొబ్బరినూనె పట్టించి, నాలుగు పాయలు తీసేది. కొసల దగ్గర మొదలుపెట్టి వేళ్లతోనే చిక్కు విప్పుకుంటూ పైకి వచ్చేది. లోకమంతా పైనుంచి కిందికి దువ్వి చిక్కునంతా కొసలకు తోసి ముడేస్తుందని ఆమె ఫిర్యాదు. కుంకుడు పులుసుతో కడిగాక తువ్వాలుతో రుద్దితే ఊరుకునేది కాదు. మెత్తబడిన పాత నూలు చీర ముక్కతో పిడికిట్లో పట్టి ఒత్తేది. ఆ తడి ఆరకముందే, అవిసె గింజలు ఉడకబెట్టి వడగట్టిన జిగురు రాసి, కొసలను అరచేతిలో పైకి నలిపి వదిలేది. ఆరేసరికి ఏ రింగుకా రింగు విడివిడిగా నిలబడేది. ఇంత పనీ చేస్తూ వాడకట్టులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎందుకు మాట్లాడటం లేదో పూసగుచ్చినట్టు చెప్పేది. కూతురు కళ్లు మూసుకొని వినేది. నిజం చెప్పాలంటే జుట్టు ఒక సాకు.

చలికాలంలో హన్మమ్మ వికారాబాద్ ఆసుపత్రిలో పోయింది. దినాలు అయిపోయాక నాగరాణి తాండూరు వచ్చి, తన అద్దె గదిలో ఒక్కతే జుట్టు ముందుకేసుకొని కూర్చుంది. ముందువైపు బాగానే వచ్చింది. చెవుల పక్కనా సరే. మెడ వెనక్కి వచ్చేసరికి కనపడదు, అందదు, చేతులు లాగుతాయి. రెండు ఆదివారాలు ప్రయత్నించింది. మూడో ఆదివారం, చూసేవాళ్లెవరులే అని మొత్తం ముద్దగా చుట్టి గుడ్డ కట్టేసింది.

ఆ గదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మిల్లు నుంచి వచ్చి తాళం తీస్తే, పొద్దున తాను వదిలిపోయిన గ్లాసు వదిలిన చోటే ఉండేది. ఫోన్ కంపెనీ అమ్మాయి ఏదో పథకం గురించి ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. ఆ అమ్మాయి నిజం అమ్మాయి కాదనీ, మిషన్లో మాట్లాడే గొంతనీ చాలా రోజులకు గాని తెలియలేదు. తెలిశాక కూడా ఒకటి రెండుసార్లు అడిగింది. ఏం చేస్తుంది మరి?

ఎండలు ముదిరేసరికి మెడ వెనుక అరచేతంత మేర జుట్టు అట్టకట్టింది. ఒకరోజు తలగుడ్డ ఉతికి పిట్టగోడ మీద ఆరేస్తుంటే, గోడకవతల నుంచి ఇంటి యజమానురాలు సుమిత్రమ్మ చూసింది.

"ఏందే నాగరాణీ, మెడ మీద గదేంది?"

"చిక్కు పెద్దమ్మా. దువ్వలే."

"చిక్కు గట్లుంటదా? జర ఇటు మర్లు."

సుమిత్రమ్మ గోడ మీదుగా చెయ్యి చాచి తాకింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకొని రెండు చేతులూ జోడించింది.

"చిక్కు గాదు పిల్లా, జడ కట్టింది. ఎల్లమ్మ తల్లి నీ నెత్తి మీదికొచ్చింది. దువ్వెన వెట్టకు, కత్తెర అసలే వెట్టకు. నేను జెప్తున్న ఇను."

కాదని ఆ క్షణమే చెప్పవలసింది. అది అమ్మవారి జడ కాదని నాగరాణి కంటే బాగా ఎవరికి తెలుసు? కానీ తల్లి పోయినప్పటి నుంచి ఆమె మెడను ఇంకో మనిషి చెయ్యి తాకడం అదే మొదలు. ఆ చెయ్యి ఇంకోసారి తాకుతుందేమోనన్న ఆశ ఆమె నోరు నొక్కేసింది.

సుమిత్రమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చే మంగళవారానికి గల్లీలో ఆడవాళ్లు పసుపు, కొబ్బరికాయ పట్టుకొని వచ్చారు. ఆ పై మంగళవారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. నిన్నటిదాకా నల్లా దగ్గర ముఖం తిప్పుకున్నవాళ్లే "తల్లీ" అని పిలిచారు. ఆమెను నిజంగానే నెత్తిన పెట్టుకున్నారు. నాగరాణి రెండు చాపలు కొన్నది, పెద్ద చాయ్ గిన్నె కొన్నది. మంగళవారం మిల్లుకు పోవడం మానేసింది. వచ్చినవాళ్లు మొక్కి ఊరికే పోరు గదా, కూర్చుంటారు. కోడళ్ల మీద, అత్తల మీద, కూరగాయల ధరల మీద పడతారు. గదిలో గలగలమని మాటలు వినపడుతుంటే ఆమెకు కడుపు నిండిపోయేది. మా బిడ్డకు పిల్లలైతరా, మా ఆయన తాగుడు మానుతడా అని అడిగితే "మంచిగనే అయితది" అనేది. అబద్ధమని మనసు గుచ్చుకునేది. మళ్లీ మంగళవారం ఎప్పుడొస్తుందా అని చూసేది.

ఆ చిక్కు కింద చర్మం చెమటకు మండేది. వెల్లకిలా పడుకోనిచ్చేది కాదు. గోక్కోవడానికి వేలు కూడా దూరేది కాదు. పోనీ విప్పేద్దామంటే, చిక్కు పోయిన రోజున మంగళవారమూ పోతుంది. ఈ లెక్క ఆమెకు స్పష్టంగా తెలుసు. ఎవరూ లేని గది కంటే ఈ దురదే నయమనుకొని భరించింది. విచిత్రమేమిటంటే, ఇంతమంది వస్తున్నా ఆమె తలను తాకేవాళ్లు లేరు. దూరం నుంచే పసుపు చల్లి దండం పెట్టేవాళ్లు. సుమిత్రమ్మ కూడా మళ్లీ చెయ్యి వెయ్యలేదు.

అలాంటి ఒక మంగళవారం పెద్దేముల్ నుంచి వెంకటమ్మ అనే ముసలమ్మ, ఎనిమిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకొని ఆటోలో దిగింది. పిల్ల పేరు వర్షిత. రింగుల జుట్టు. తల వెనక ఒక పక్కన జుట్టు ముద్దకట్టి ఉంది.

"తల్లీ, గీ పిల్లకు గూడ జడ వడ్తున్నది," అంది వెంకటమ్మ. "దీని తల్లి కరణ్‌కోటకు పనికి వోతది. పొద్దున వోతే చీకటి వడ్డంక వస్తది. నాకేమో కండ్లు కనవడయ్. దువ్వబోతే ఒర్లుతది. ఊళ్లె అందరు అమ్మవారే అంటున్నరు. నువ్వు అవునంటే బోనం జేస్త. బడి మాన్పిస్త. ఇగ దీన్ని అమ్మకే ఇడిచిపెడ్త."

ఇడిచిపెడ్త అన్న మాటకు గదిలో చాయ్ తాగుతున్న ఆడవాళ్లు గ్లాసులు కింద పెట్టి చేతులు జోడించారు. వాళ్లందరికీ ఆ మాట అర్థం తెలుసు. బడి లేదు, రేపు పెళ్లి లేదు, ఆ పిల్ల అందరిలో ఒక పిల్ల కాదిక. నాగరాణికీ తెలుసు. ఆమెకు అలవాటైన "మంచిగనే అయితది" నాలుక కొసదాకా వచ్చి ఆగింది.

పెద్దవాళ్ల మాటలు పట్టని వర్షిత గది చుట్టూ తిరిగి, తిరిగి, నాగరాణి వెనక్కి వచ్చి నిలబడింది. ఎవరైనా వద్దనేలోపే మెడ మీద ఆ ముద్దపై చెయ్యి వేసింది. మెల్లగా ఒత్తి చూసింది.

"అత్తా, నీకు గూడ దువ్వేటోళ్లు లేరా?"

"ఛీ, తప్పు! అట్లనొద్దు," అని వెంకటమ్మ పిల్ల చెయ్యి గుంజింది. ఇన్ని వారాలుగా ఇంతమంది ఇన్ని అడిగారు. నాగరాణి గురించి అడిగింది ఈ పిల్ల ఒక్కతే.

"అవ్వా, పిల్లకు పట్టింది జడ గాదు," అంది చివరికి. "చిక్కు. నేను తీస్త."

"మరి నీది?" అంది సుమిత్రమ్మ గుమ్మంలోంచి.

గది అంతా ఆమె వైపు చూసింది. నాది అమ్మవారిది, పిల్లది ఉత్త చిక్కు అనేస్తే అటు పిల్లా బతుకుతుంది, ఇటు మంగళవారాలూ బతుకుతాయి. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, తియ్యగా వచ్చింది. కానీ ఆ రెండు ముద్దలకూ తేడా ఏముంది? ఈమెది నిజమైతే, పెద్దేముల్‌లో పిల్లది అబద్ధమని రేపు ఎవరు నమ్ముతారు?

"నాది గూడ చిక్కే పెద్దమ్మా," అంది. "మా అమ్మ సచ్చిపోయినంక దువ్వేటోళ్లు లేక వడ్డది. మీరందరు వస్తున్నరని చెప్పలే."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకామె పసుపు పొట్లం మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఇంకొకామె చెప్పులు వెతుక్కుంది. "తల్లితోని ఆటలాడినవు నాగరాణీ, నాకు భయమైతున్నది," అంటూ సుమిత్రమ్మ చెంపలు వేసుకొని వెళ్లిపోయింది. సగం తాగిన చాయ్ గ్లాసులు చాపల మీద మిగిలాయి.

నాగరాణి పిల్లను పీట మీద కూర్చోబెట్టి తాను వెనక కూర్చుంది. తల తడిపి, నూనె పోసి ముద్దంతా నానబెట్టింది. ఇంట్లో ఉన్న అవిసె గింజలు ఉడకబెట్టి, జిగురు చల్లార్చి దాన్నీ పట్టించింది. కొసల దగ్గర నాలుగు వెంట్రుకలు, మళ్లీ నాలుగు, అలా వేళ్లతోనే లాగుతూ పైకి వచ్చింది. వర్షిత ఒక్కసారి కూడా ఒర్లలేదు. బడిలో తన పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరు కూర్చోరో చెబుతూ పోయింది. నాగరాణి వింది. మొదట ముఖం ముడుచుకున్న వెంకటమ్మ కాసేపటికి పక్కకు జరిగి, "ఏదీ, నా చేతికియ్యి, ఎట్ల పట్టాలె?" అని అడిగి తడుముతూ నేర్చుకుంది. చిక్కు వదిలింది. ఒత్తి ఆరబెట్టాక ఆ పిల్ల తల నిండా రింగులే. పొద్దు ఉండగానే వాళ్లు ఆటో ఎక్కారు. వర్షిత చెయ్యి ఊపింది, ఆటో మలుపు తిరిగింది.

ఇంక తన తల మిగిలింది. వారమంతా మిల్లు నుంచి వచ్చి అదే పని చేసింది. కనపడని చోట వేళ్లకు తగిలినంత విప్పింది. కొంత విడింది, కొంత తెగి చేతిలోకి వచ్చింది. మంగళవారానికి తలంతా వదులైంది. సరిగ్గా మెడ గుంటలో మాత్రం రేగిపండంత ముడి మిగిలిపోయింది. దానికి ఏ చెయ్యీ సరిగ్గా అందడం లేదు.

అలవాటు చొప్పున చాపలు పరిచింది. చాయ్ పెట్టలేదు. జుట్టు విరబోసుకొని పిట్టగోడ దగ్గర ఎండలో కూర్చుంది. చాలా సేపటికి గోడ అవతల సుమిత్రమ్మ తల కనిపించింది. మనిషి బెదిరినట్టే ఉంది.

"నాగరాణీ, తల్లి ఏమన్న కోపం జేసిందా? కలల వచ్చిందా?"

"లేదు పెద్దమ్మా. ఎవ్వలు రాలే. నాకు కలల గూడ ఎవ్వలు వస్తలేరు."

సుమిత్రమ్మ ఎండలో మెరుస్తున్న రింగులను చూసింది.

"ఎన్క జర మిగిలింది గదా చిక్కు," అంది.

"అందుతలేదు," అంది నాగరాణి. అని, గోడకు దగ్గరగా జరిగి, వీపు అటు తిప్పి, రెండు చేతులతో జుట్టు ముందుకు వేసుకొని మెడ వంచింది. చెయ్యి చాస్తే అందేంత దూరమే. వెనక గాజులు కదిలిన చప్పుడు వినపడింది. ఆగింది. తర్వాత చెప్పుల చప్పుడు, అవతలి ఇంటి తలుపు గడియ పడిన చప్పుడు వినపడ్డాయి.

నాగరాణి తిరిగి చూడలేదు. తిరిగితే అవతల ఎవరూ లేరని రూఢి అయిపోతుంది. అందుకని మెడ వంచుకొని, కళ్లు మూసుకొని, ఎండ గోడ దిగిపోయేదాకా అలాగే కూర్చుంది.