రోశయ్య జబ్బు పేరు

మార్చి నెల. గుంటూరులో కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి లారీలు బారులు తీరి ఉన్నాయి. టిక్కీ బస్తాలు దింపే ముఠా కూలీల కేకల మధ్య, లోపల యంత్రాల గదిలో చెంచురామయ్య వాల్వు చక్రం పట్టుకుని నిలబడిపోయాడు. చక్రం తిరగడం లేదు. చక్రానికేం కాలేదు, అతని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మెటికల దగ్గర వాచి పిడికిలి బిగుసుకోవడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ స్టోరేజీలో అమ్మోనియా యంత్రాలు నడిపేది అతనే.

తోటి ఆపరేటరు ఇమాం హుస్సేన్ వచ్చి చక్రం తిప్పాడు.

"రామయ్యన్నా, ఆ చెయ్యి ఎవరికన్నా చూపించుకో. మొహం కూడా చూసుకో ఓసారి, నల్లగా మాడిపోతోంది. చలిగదుల్లో పనిచేసేవాడివి, నీకు ఎండ ఎక్కడ తగిలింది?"

రామయ్య నవ్వాడు. మొహం ఎలా ఉందో చెప్పేవాళ్లు అతనికి ఇంట్లో ఎవరూ లేరు. చుట్టుగుంట దగ్గర ఒక మేడమీద గదిలో ఒంటరిగా ఉంటాడు. యాభై రెండేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. రెండేళ్లుగా నీరసం. నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకుతాయి. సందు చివర వైద్యం చేసే కోటేష్ కనురెప్ప కిందకి లాగి చూసి, "రక్తం తక్కువగా ఉందండీ" అని ఐరన్ టానిక్కు రాసిచ్చాడు. రక్తం తీసి చూసిందీ లేదు, పెట్టిందీ లేదు. రామయ్య ఏడాదిపాటు రోజూ రెండు పూటలా ఆ టానిక్కు తాగాడు. నీరసం పెరిగిందే గాని తగ్గలేదు.

ఇమాం హుస్సేన్ పోరు పడలేక ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాడు. స్కానింగ్ తీశారు. లివరు వాచింది. షుగరు రెండు వందల నలభై. రక్త పరీక్షల కాగితంలో ఫెర్రిటిన్ అన్న మాట ఎదురుగా మూడు వేల నాలుగు వందలు అని నల్లటి అక్షరాలతో ఉంది. పక్కనే, మామూలుగా నాలుగు వందలు దాటకూడదని రాసి ఉంది.

డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"రోజుకి ఎంత తాగుతారు?"

"నాకు అలవాటు లేదండీ."

"అందరూ అలాగే చెప్తారు. దాచుకుంటే నష్టం మీకే."

రామయ్య కాగితాలు తీసుకున్నాడు. మెట్లు దిగి, స్కూటర్లు పెట్టేచోట గట్టు మీద కూర్చున్నాడు. డాక్టరు మీద అతనికి కోపం రాలేదు. ఆ మాట అతనికి కొత్త కాదు. అక్షరం పొల్లు పోకుండా అదే మాట ఇరవై ఆరేళ్ల క్రితం తన నోటితో తను అన్నాడు, కన్నతండ్రిని.

రోశయ్యది ప్రత్తిపాడు దగ్గర పల్లె. నాలుగెకరాల్లో పత్తి వేసేవాడు. ఏభై దాటాక మనిషి నల్లబడ్డాడు. వేళ్లు బిగుసుకుపోయి పత్తి తియ్యలేకపోయేవాడు. తర్వాత షుగరన్నారు. ఆ తర్వాత పొట్ట ఉబ్బింది, కాళ్లకి నీరు పట్టింది. పొట్ట ఉబ్బి మనిషి చిక్కిపోతే ఊళ్లో దానికి ఒకటే అర్థం. చాటుగా తాగుతున్నాడన్నారు. ఆసుపత్రి వాళ్లూ అదే అన్నారు.

"నేను ముట్టుకోలేదురా రామయ్యా" అనేవాడు రోశయ్య.

"అందరూ అలాగే చెప్తారు నాన్నా" అన్నాడు రామయ్య ఒకరోజు, ఇంటి ముందు నలుగురూ ఉండగా.

అంతటితో ఆగలేదు. తండ్రి నిద్రపోతుంటే వంగి నోరు వాసన చూశాడు. పత్తి నింపిన బోరేల కింద, గడ్డివామిలో, పశువుల కొట్టం చూరులో సీసాల కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు తండ్రి నిజం చెబుతున్నాడేమో అనిపించలేదు. ఎంత గడుసుగా దాస్తున్నాడో అనుకున్నాడు. చివరి ఐదు నెలలూ తండ్రితో మాట్లాడలేదు. కొట్టం పక్కన మంచం వేసి, వేళకి కంచం పెట్టి, తిన్నాక తీసేవాడు. రోశయ్య యాభై నాలుగో ఏట పోయాడు. తాగుబోతు కొడుకని రామయ్యకి వచ్చిన రెండు సంబంధాలూ వెనక్కి పోయాయి. మూడో సంబంధం కోసం అతను చూడలేదు. తల్లి కూడా పోయాక పొలం అమ్మేసి గుంటూరు వచ్చేశాడు.

ఇదంతా గట్టు మీద కూర్చుని తలుచుకుంటుంటే మధ్యాహ్నమైపోయింది.

తర్వాతి వారం ఇమాం హుస్సేన్ తన తల్లికి వైద్యం చేసిన డాక్టరు అఖిల దగ్గరికి వెళ్లమన్నాడు. ఆమె కాగితాలన్నీ తిరగేసింది. తాగుడు సంగతి ఆమె కూడా అడిగింది. కాకపోతే, లేదన్నాక నమ్మింది.

"టానిక్కు ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?"

"ఏడాదయిందండీ."

"ఇవాళే ఆపెయ్యండి. విటమిన్ సి బిళ్లలు కూడా వద్దు. మీకు ఐరన్ తక్కువ కాదు, ఎక్కువ. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఐరన్ ఎంత నిల్వ ఉందో చెప్పే లెక్క. కాకపోతే ఆ ఒక్క లెక్క చూసి జబ్బు తేల్చలేం. జ్వరమొచ్చినా పెరుగుతుంది, ఒంట్లో ఎక్కడన్నా వాపున్నా పెరుగుతుంది. లివర్లో కొవ్వు పట్టినా, తాగినా పెరుగుతుంది. అందుకని ఇంకో పరీక్ష చేద్దాం. పొద్దున్నే ఏమీ తినకుండా రండి."

ఆ పరీక్షలో రక్తంలో ఐరన్‌ని మోసే పదార్థం నూటికి ఎనభై ఆరు వంతులు నిండిపోయి ఉందని తేలింది. నలభై అయిదు దాటితేనే అనుమానించాలట. ఎమ్మారైలో లివరు నిండా ఐరనే. కామెర్ల వైరస్ పరీక్షలు మామూలుగా వచ్చాయి. ఇంకో గొట్టం రక్తం జన్యు పరీక్షకని హైదరాబాదు పంపారు. మూడు వారాలకి ఆ కాగితమూ వచ్చింది.

"ఇది పుట్టుకతో వచ్చింది రామయ్యగారూ. మామూలుగా ఒంటికి చాలినంత ఐరన్ చేరాక పేగులు ఇంక చాలని ఆపేస్తాయి. మీ పేగులకి ఆ ఆపడం తెలీదు. ఏళ్ల తరబడి తిన్నదాంట్లోంచి కొంచెం కొంచెం లాగి లివర్లో, కీళ్లలో, చర్మంలో దాచాయి. షుగరు కూడా దానివల్లే వచ్చుండాలి. మనవైపు అరుదే. మీ అమ్మానాన్నలది మేనరికమా?"

"అవునండీ. మా అమ్మ మా నాన్నకి అక్క కూతురు."

"వాళ్లెవరికన్నా ఇలా ఉండేదా?"

రామయ్య చెప్పడం మొదలుపెట్టాడు. వేళ్లు, రంగు, షుగరు, పొట్ట. చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. 

"తాగకుండా లివరు అలా పాడవుతుందా అమ్మా?"

"మీకైందిగా."

"అయితే మా నాన్నకీ..."

"ఆయన రక్తం చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మీరు చెప్పిందంతా వింటుంటే అదే అయ్యుంటుంది. అప్పట్లో ఎవరికీ ఈ పరీక్ష చేద్దామని తట్టి ఉండదు." ఆమె మళ్లీ అంది. "మీకు తోడబుట్టినవాళ్లు ఉన్నారా? వాళ్లూ చూపించుకోవాలి. ముందే తెలిస్తే ఏ నష్టం లేకుండా బయటపడొచ్చు."

వైద్యం విని అతను నివ్వెరపోయాడు. మందూ లేదు, మాకూ లేదు. రక్తం తీసెయ్యడమే. వారానికోసారి ఒక సంచి. పోయిన రక్తం మళ్లీ పుట్టించుకోవడానికి ఒళ్లు దాచుకున్న ఐరన్‌ని వాడుకుంటుంది. అలా నిల్వ కరిగిపోతుంది. ప్రతిసారీ రక్తశాతం చూసుకుని తీస్తారు. ఫెర్రిటిన్ వంద లోపుకి దిగాక ఏడాదికి మూడు నాలుగుసార్లు చాలు.

"గోంగూర మానెయ్యాలా అమ్మా?" అని అడిగాడు.

"తినండి. తిండితో వచ్చే తేడా కొంచెమే. బ్రాందీ, విస్కీ మాత్రం ఎవరు ఇచ్చినా ముట్టుకోవద్దు."

చెల్లెలు శివపార్వతి వినుకొండలో ఉంటుంది. తండ్రి పోయాక పుట్టింటికి రావడం మానేసింది. ఏడాదికోసారి ఫోను, పెళ్లికో చావుకో కలవడం, అంతే. రామయ్య బస్సెక్కి వెళ్లాడు. ఆమె వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. బావ బజారు వెళ్లాడు. అన్నని చూసి ఆమె ముందు భయపడింది.

"ఏందన్నయ్యా, ఇట్టా నల్లబడ్డావు? అచ్చం..." అని ఆపేసింది.

"అచ్చం నాన్నలాగా. అది చెప్దామనే వచ్చా."

అరుగు మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు, తొడిమలు తీస్తూనే ఉంది.

"నాకేం జబ్బు లేదు. నువ్వు చూపించుకో."

"పరీక్షేగా పార్వతీ, ఒక గొట్టం రక్తం."

"పరీక్షకి కాదు నేను భయపడేది." ఆమె చేతిలో కాయ కింద పెట్టింది. "తాగి పోయాడు అనుకుంటే ఇన్నాళ్లూ తేలిగ్గా ఉంది నాకు. మా అత్త నలుగుర్లో నన్ను తాగుబోతు కూతురన్నప్పుడు ఊరికెళ్లి, నా తలమీద ఒట్టు పెట్టు నాన్నా అన్నా. పెట్టబోయాడు. నేనే తల వెనక్కి తీసుకున్నా. అబద్ధం ఒట్టు పెడితే నాకేమన్నా అవుద్దని. ఇప్పుడు నువ్వొచ్చి ఆయన తాగలేదంటే, నేనేం చెయ్యను చెప్పు?"

 ఆమె చెయ్యి కడుక్కోకుండానే కళ్లు తుడుచుకుంది. కారం మండి లేచి నూతి దగ్గరికి పరిగెత్తింది. అతను నీళ్లు తోడిపోశాడు. ఆమె మొహం తుడుచుకుని, ఆ డాక్టరమ్మ ఆసుపత్రి ఎక్కడో అడిగింది.

మూడు వారాలకి ఫోను చేసింది. ఫెర్రిటిన్ ఆరు వందల అరవై. జన్యు పరీక్షలో ఆమెకీ అదే జబ్బని తేలింది. ఇన్నేళ్లూ నెలనెలా రక్తం పోవడం వల్ల నిల్వ పెద్దగా చేరలేదని, లివరు బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పిందట.

ఇక ఈ సంగతి ఎవరికి చెప్పాలి? వారమంతా అదే ఆలోచన. తండ్రి ఈడువాళ్లలో ఊళ్లో మిగిలింది ఆదెయ్య ఒక్కడే. నాలుగో సంచి రక్తం తీశాక ఒక ఆదివారం పొద్దున రామయ్య ఊరికి వెళ్లాడు. ఆదెయ్య పత్తి చేను గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెవులు సరిగా వినపడవు. రామయ్య గట్టిగా అరిచి చెప్పాడు.

"ఎవురు, రోశయ్యా? మంచోడే పాపం. తాగి పోయాడు."

"తాగలేదు పెదనాన్నా! అది ఐరన్ జబ్బు. నాకూ వచ్చింది. పరీక్షల్లో తేలింది."

"ఆఁ ఆఁ" అన్నాడు ఆదెయ్య తల ఊపుతూ. "మంచోడే. ఆ తాగుడొక్కటి లేకపోతే."

రామయ్య మళ్లీ చెప్పబోయి మానేశాడు. చేలో పత్తి కట్టె ఏరుతున్న ఆడవాళ్లు, ఎవరీ కొత్తమనిషి అన్నట్టు ఓసారి చూసి మళ్లీ వంగారు. వాళ్లెవరికీ రోశయ్య అనే మనిషి ఉన్నట్టు కూడా తెలియదు. తండ్రి మీద పడ్డ మచ్చ తుడవడానికి వచ్చాడు గాని, ఈ వినపడని ముసలాయన తప్ప ఆ మచ్చని గుర్తుపెట్టుకున్నవాళ్లే ఊళ్లో లేరు. తనకీ చెల్లెలికీ తప్ప అది ఎవరికీ బరువు కాదు. చేను గట్టు మీద ఒక్కడే నడుచుకుంటూ రోడ్డు మీదకొచ్చి బస్సు ఎక్కాడు.

జూన్‌లో శివపార్వతి మొదటిసారి రక్తం తీయించుకోవడానికి గుంటూరు వచ్చింది. పక్కపక్క మంచాలు ఇచ్చారు. నర్సు ఫారం నింపుతూ, "మీ ఇంట్లో ముందు ఎవరికన్నా ఉందా?" అని అడిగింది.

"మా నాన్న రోశయ్యకి" అంది శివపార్వతి, అన్న నోరు తెరిచేలోపు. "యాభై నాలుగేళ్లకే పోయాడు. ఆయనకి తాగుడు లేదు. అదీ రాయమ్మా."

నర్సు రాసుకుంది. రామయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి అతని ఫెర్రిటిన్ తొంభైకి దిగింది. నీరసం పోయింది, రంగు తేరుకుంది. షుగరు బిళ్లలు మాత్రం తప్పలేదు. వేళ్ల నొప్పి అలాగే ఉండిపోయింది. కీళ్లలో జరిగిన నష్టం వెనక్కి రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు చెల్లెలు వారంవారం ఫోను చేస్తుంది. జబ్బు సంగతులయ్యాక ఇద్దరికీ మాటలు తోచవు. అయినా ఎవరూ వెంటనే పెట్టెయ్యరు. అవతల వినుకొండ బజారు చప్పుడు, ఇవతల యంత్రాల రొద వింటూ కాసేపు అలాగే ఉంటారు. ఆ తర్వాత "ఉంటా అన్నయ్యా" అంటుంది ఆమె. అతను ఫోను జేబులో వేసుకుని గేజీలు చూడ్డానికి వెళ్తాడు.