హైమవతి మీటలు

శ్రావణమాసపు సాయంసమయమున నవిరళజలధరపటలసంఛన్నమైన గగనతలమునుండి సన్నని వాన కురియుచుండగా, విశాఖపట్టణపు సముద్రతీరమున తరంగఘోషము మిన్నుముట్టుచుండగా, ఒకానొక మేడగదిలో నరహరి యనువాడు భార్యయగు హైమవతి కీబోర్డుపై వంగి దాని మీటలను సవరించుచుండెను.

ఆ కీబోర్డు బజారున దొరకునది కాదు. కండరములను గ్రమక్రమముగ హరించు వ్యాధిచే బీడితయై మొదట గంఠస్వరమును బిదప వ్రేళ్లను గోల్పోవుచున్న హైమవతికొఱకు నతడు కుడిచేతికొకటియు నెడమచేతికొకటియుగ రెండు ఖండములతో స్వయముగ నిర్మించినది. ఒక్కొక్క వ్రేలు చచ్చుపడినప్పుడెల్ల దాని యక్షరములను బ్రదికియున్న వ్రేళ్లకు బంచి లోపలి ప్రోగ్రామును మార్చుచుండెను. చేతులాడిన దినములలో హైమవతి తాను నిత్యము పలుకు వాక్యములను గొన్ని మీటలలో నిక్షేపించుకొనెను. మీట నొక్కిన జాలును, వాక్యమంతయు తెరపై నిలుచును. ఆమెకు మిగిలిన గొంతుక యదియే.

ఆ యుదయమున నెడమచేయి పూర్తిగ నిశ్చేష్టమయ్యెను. కుడిచూపుడువ్రేలొక్కటియే మిగిలెను. మీటలన్నిటిని ఆ వ్రేలి చెంతకు జేర్చు తమకమున నరహరి, క్రొత్త ప్రోగ్రామెక్కించుటకు ముందు పాత వాక్యములను కంప్యూటరున భద్రపఱచుట మఱచెను. ఎన్నడును మఱవనివాడు నాడే మఱచెను. తిరిగి యెక్కించినపిదప వెనుకటి ప్రతులను దుడిచివేయుచుండుటచే వేఱు ప్రతియు లేదు. ఆలస్యము విషమని పెద్దలందురు. త్వరయు నంతియే యని యెవ్వరును జెప్పరైరి.

"నొక్కు హైమా, ఇక చెయ్యి చాపక్కర్లేదు" అని కుడిఖండమును ఆమె వ్రేలిక్రింద నుంచెను.

ఆమె భోజనమునకు బిలుచు మీటను నొక్కెను. తెరపై నేమియు లేదు. మరల నొక్కెను. ఏమియు లేదు.

నరహరి ముఖము పాలిపోయెను. "అయ్యో, నువ్వు దాచుకున్న మాటలన్నీ చెరిపేశాను, ఉత్త అక్షరాలే మిగిలాయి! మళ్ళీ ఎక్కిస్తానులే, నాకన్నీ గుర్తే" అని కూర్చుండి "భోజనానికి రండి" అని వ్రాసి యామెవంక జూచెను. ఆమె కన్నులతో గాదనెను. "అన్నం చల్లారిపోతోందండీ" అని వ్రాసెను. అదియు గాదు. సంవత్సరకాలము ప్రతిసాయంకాలమును దాను చదివిన పిలుపే! భావము స్మృతియందున్నది గాని మాటలు లేవు. ఆమె యేమి కోరుచున్నదో చూచుచుంటినే గాని యెట్లు పలుకుచున్నదో వినకపోతినని యప్పుడు తెలిసి గుండె పగిలి పసివానివలె నేడ్చెను.

హైమవతి మిగిలిన యా యొక్క వ్రేలితో నక్షరమక్షరము వెదకికొనుచు చాలసేపు మీటెను.

"ఏడవకండి. మీకు తోచినట్టు రాయండి. నేనన్నట్టే అనుకోండి."

నాటినుండి ప్రతిసాయంకాలమును నామె మీట నొక్కగా నరహరి తాను వ్రాసికొన్న పిలుపును దానే చదివికొని భోజనమునకు లేచుచుండెను.