ఒంటికి పట్టని తిండి

ఒక పొయ్యి మీద క్యాబేజీ ఉడికేది, రెండో పొయ్యి మీద బంగాళాదుంపలు వేగేవి. క్యాబేజీ నాకు, వేపుడు మిగతా వాళ్ళకి. పొద్దున్నే ఆ రెండు వాసనల మధ్య నిలబడి గరిటె తిప్పుతుంటే గుమ్మంలోంచి మా ఆయన గొంతు వినిపించేది. "నీ దాంట్లో నూనె చుక్క తగలకూడదు. ఆ గరిటె అందులో పెట్టకు." వేపుడు గరిటె నా గిన్నెలో పడితే విషం కలిసినట్టే చెప్పేవారు.

ఇదంతా ఒక ఫొటోతో మొదలైంది. ఆయన ఆఫీసులో ఎవరో రిటైరవుతూ అందరినీ కుటుంబాలతో సహా భోజనానికి పిలిచారు. వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. ఇంటికొచ్చాక ఆయన ఫోన్లో ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "నువ్వు కాస్త పక్కకి తిరిగి నిలబడాల్సింది," అన్నారు. అంతే. కోప్పడలేదు, విసుక్కోలేదు. మర్నాడు బరువు చూసుకునే మిషనూ, వంటింట్లోకి ఒక చిన్న త్రాసూ కొనుక్కొచ్చారు. ఆ రోజు నుంచి ఆయన వీడియోలు చూసి చెప్పడం, నేను వండడం. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఉడికించిన కూరగాయలు, రాత్రి పలచటి సూపు. నా కోసం వండిన దాన్ని నేనే తూచుకుని, వాళ్ళ కోసం వండింది వాళ్ళకి వడ్డించి, వంటింట్లో నిలబడే తినేసేదాన్ని. కూర్చుని తినడానికి అందులో ఏముంది గనక.

ఆయన పొట్ట చొక్కా గుండీల సందుల్లోంచి తొంగిచూస్తూనే ఉండేది. "మీరూ ఇదే తినచ్చుగా," అని ఒకసారి అన్నాను. "నాకెందుకు? పదిమందిలో తిరిగేవాణ్ణి, ఓపిక ఉండాలి," అన్నారు. అత్తయ్య అందుకున్నారు, "మగాడికి ఆ మాత్రం ఉంటేనే నిండుగా ఉంటుందమ్మాయ్." నేను కూడా రోజూ బయటికెళ్ళి పనిచేసే మనిషినే అన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. చెప్పొద్దూ, నాకూ కాసేపు గుర్తు రాలేదు.

ఆదివారాలు నన్ను హాల్లో మిషను ఎక్కించేవారు. అత్తయ్య సోఫాలో, మా అమ్మాయి ఫోను పట్టుకుని కిటికీ దగ్గర, ఆయన వంగి ముల్లు చూస్తూ. ముల్లు కదిలేది కాదు. ఆయన నిటారుగా లేచి నా మొహం కాకుండా గోడ చూస్తూ, "చాటుగా ఏమైనా తింటున్నావా?" అనేవారు. బిస్కెట్ల డబ్బా మూత తీసి చూసేవారు. నిజంగానే ఎప్పుడైనా అమ్మాయి కంచంలో వదిలేసిన రెండు ముక్కలు నోట్లో వేసుకునేదాన్ని. అందుకని ఆ మాట అన్నప్పుడు నాకు కోపం రాకుండా సిగ్గేసేది. నలభై దాటిన మనిషిని, రెండు బంగాళాదుంప ముక్కలకి దొంగలా తల దించుకునేదాన్ని.

షాపులోనూ అదే బతుకు. నేను పనిచేసేది ఫర్నిచర్ షోరూములో. మొదట్లో ముందు కౌంటర్లో ఉండేదాన్ని. కస్టమర్లు కూర్చుని చూసే సోఫా అంచున నేనూ కూర్చుని బట్ట రంగులు చూపిస్తుంటే, ఓనరుగారు, "ఏమ్మా, నువ్వు కూర్చుంటే చాలు, మన సోఫా ఎంత గట్టిదో వేరే చెప్పక్కర్లేదు," అని నవ్వేవారు. కస్టమర్లు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి, "ముందు ఎవరైనా చురుగ్గా ఉండే పిల్ల ఉంటే బాగుంటుంది, నువ్వు లోపల స్టాకు చూసుకో," అని గోడౌనుకి పంపారు. అక్కడ ప్లాస్టిక్ కవర్లు చుట్టిన మంచాల మధ్య, పాలిష్ వాసనలో, మధ్యాహ్నం ఒంటరిగా క్యాబేజీ తినేదాన్ని. అక్కడ మాత్రం కూర్చునే తినేదాన్ని.

అలాంటిది ఒక ఆదివారం ముల్లు కిందికి జారింది. మళ్ళీ వారం ఇంకాస్త. నేను కొత్తగా చేసిందేమీ లేదు. అదే క్యాబేజీ, అదే సూపు. పైగా ఈ మధ్య ఆకలి ఆగక చాటుగా తినే ముక్కలు ఎక్కువయ్యాయి కూడా. అయినా ముల్లు జారుతూనే ఉంది. మా ఆయన నా భుజం తట్టారు. ఎన్నేళ్ళయిందో ఆయన చెయ్యి పగటిపూట నా మీద పడి! ఫోన్లో వాళ్ళ చెల్లెలితో, "నేను దగ్గరుండి చేయించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే తన వల్ల అయ్యేదా," అని చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండలేదు. గర్వంగా అనిపించింది. ఆడపడుచు నన్ను పిలిచి, "వదినా, సూపు ఎలా చేస్తావో చెప్పవా," అని అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా చెప్పమని అడగడం అదే మొదలు. ఓనరుగారు నన్ను మళ్ళీ ముందు కౌంటరుకి పిలిచారు. మా ఆయన నాకు రెండు సైజులు తక్కువ బట్టలు కొనుక్కొచ్చారు. అవీ వదులయ్యాయి.

అవన్నీ అందుకుంటూనే నేను బిందెలకి బిందెలు నీళ్ళు తాగుతున్నాను. ఎంత తాగినా నాలుక ఎండిపోయిన ఆకులా ఉండేది. రాత్రుళ్ళు పదేపదే లేవడం, పొద్దున్నే పిక్కలు లాగేయడం, షాపులో ధర చీటీల మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించడం. ఏదో జరుగుతోందని నాకు తెలియకపోలేదు. కానీ ఎవరైనా "ఎంత బాగున్నావో!" అన్నప్పుడల్లా ఆ తెలియడాన్ని ఇంకొంచెం లోపలికి తోసేసేదాన్ని. జబ్బే కానీ, దానివల్ల ఇంట్లో అందరూ నన్ను మనిషిలా చూస్తున్నారు. దాన్ని పోగొట్టుకోవడానికి డాక్టరు దగ్గరికి నేనెందుకు వెళ్ళాలి?

కనిపెట్టింది అత్తయ్య. ఒకరోజు బాత్రూంలోంచి బయటికొచ్చి నన్ను పిలిచారు.

"ఆ తూము దగ్గర చీమలు చూశావా అమ్మాయ్?"

"మందు చల్లుతాను అత్తయ్యా."

"చల్లడానికి కాదు పిలిచింది. నువ్వు వెళ్ళొచ్చాకే పడుతున్నాయి, రెండ్రోజులుగా చూస్తున్నాను. మా అక్కకీ ఇలాగే పట్టేవి. అదీ నీలాగే చిక్కింది. బాగున్నావే, బాగున్నావే అని అందరం అన్నాం. నేనూ అన్నాను." ఆవిడ గొంతు తగ్గించారు. "ఎంతో కాలం లేదు తర్వాత."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆయనకి చెప్పకండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది."

"ఏమిటే, చెప్పొద్దంటావు?"

"మందులేస్తే మళ్ళీ లావైపోతానేమో."

అత్తయ్య స్టూలు మీద కూలబడ్డారు. నన్ను చూసి ఎప్పుడూ ఏదో ఒక మాట అనకుండా ఉండలేని మనిషి, నా మణికట్టుని వేళ్ళతో చుట్టి చూశారు. "నేనే కదే నిన్ను దున్నపోతన్నాను," అన్నారు మెల్లగా. సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే చెప్పేశారు. ఆయన మొదట, "అబ్బా, ఇప్పుడిప్పుడే దారికొస్తుంటే నీ అనుమానాలొకటి," అన్నారు కానీ, అత్తయ్య వదల్లేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టు చూసి, నన్ను చూసి, మళ్ళీ రిపోర్టు చూసింది.

"ఇంత తొందరగా ఇంత బరువు తగ్గారు కదా, అనుమానం రాలేదా?"

"డైటింగ్ చేయిస్తున్నాం డాక్టర్," అన్నారు మా ఆయన, కాస్త గర్వంగానే.

"డైటింగ్ కాదండీ ఇది. షుగరు. చాలా ఎక్కువుంది. ఈవిడ తింటున్నది ఒంటికి పట్టడం లేదు. అందుకని ఒళ్ళు తన్ను తానే తినేస్తోంది." ఆవిడ నా వైపు తిరిగింది. "మాత్రలు చాలవు. ఇన్సులిన్ ఇంజెక్షన్ రోజూ వేసుకోవాలి. మానితే ప్రాణం మీదికొస్తుంది. తిండి మానొద్దు. కొలతగా అన్నం, శనగలు, పెసల్లాంటి గింజలు, కూరగాయలు, గుడ్డు, కొంచెం నూనె. వేపుళ్ళు తగ్గించి ఇంట్లో అందరూ అదే తినండి, అందరికీ మంచిది. తగ్గిన బరువు కొంత తిరిగి వస్తుంది, కంగారు పడకండి."

"బరువు పెరగకుండా వేరే మందేమీ లేదా?" అని అడిగారు మా ఆయన.

డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టి ఆయన్ని చూసింది. ఆయన అడగకపోతే ఆ మాట నేనే అడిగి ఉండేదాన్ని. అందుకే నాకు ఆవిడ కళ్ళలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

మా ఆయన చెడ్డవారేం కాదు. మొదట్లో భయపడ్డారు. ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలో తనే సర్దారు, వేసుకున్నావా అని గుర్తుచేశారు. నోరు తడిగా ఉండటం ఎలా ఉంటుందో నాకు మళ్ళీ తెలిసింది. చీటీల మీద అంకెలు తేటగా కనిపించాయి. బుగ్గలు కొంచెం నిండాయి. ఒక ఆదివారం ఆయన మిషను బయటికి లాగి, "ఊరికే చూద్దాం," అన్నారు. చూసి గోడ వైపు తిరిగారు. ఆ వారమంతా ఆయన చెయ్యి నా భుజం మీద పడలేదు. షాపులో ఓనరుగారు, "ఏమ్మా, మళ్ళీ ఒళ్ళు చేస్తున్నట్టున్నావు?" అన్నారు.

మర్నాడు సిరంజిలోకి మందు ఎక్కించాను. సింకు దగ్గరికి వెళ్ళాను. నెట్టేశాను. చిన్న నీటి ధార, అంతే. పంపు తిప్పితే పోయింది. మళ్ళీ దాహం మొదలైంది, ముల్లు జారింది, ఆయన మొహం విచ్చుకుంది. మందు వేసుకుంటున్నావా అని ఆయన అడగడం మానేశారు. తెలిసి అడగలేదో, తెలియకూడదని అడగలేదో నాకు తెలియదు. రోజూ పొద్దున్నే పొయ్యి మీద క్యాబేజీ పెట్టి, ఖాళీ సిరంజి చెత్తడబ్బాలో అందరికీ కనిపించేలా పడేసేదాన్ని. పడుకునేటప్పుడు రేపటి నుంచి వేసుకుంటాను అనుకునేదాన్ని. రేపు అద్దంలో దవడ ఎముక చూసుకుని ఇంకొక్క రోజు అనుకునేదాన్ని. చచ్చిపోతానని తెలుసు. లావుగా బతకడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండిట్లో ఏది ఎక్కువ భయమో చెప్పమంటే ఆ రోజుల్లో తడుముకోకుండా చెప్పేదాన్ని.

ఒక పొద్దున సింకు దగ్గర సిరంజి పట్టుకుని ఉండగా మా అమ్మాయి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది. స్కూలు బట్టల్లో ఉంది. నేను మందు పారబోశానని దానికి తెలియదు.

"అమ్మా, నీ షుగరు నాకూ వస్తుందా? డాక్టరు ఏమైనా చెప్పిందా?"

పిచ్చిపిల్ల బెంగపెట్టుకుందనుకున్నాను. "రాదులే నాన్నా. భయపడకు."

"భయం కాదమ్మా. వస్తే బాగుండు అని. నువ్వు ఏమీ చేయకుండానే ఎంత సన్నబడ్డావో!"

అది నవ్వుతూ అనలేదు. ఏదో కావాలని ఎంతోకాలంగా కోరుకుంటున్న పిల్లలా అంది. అప్పుడు చూశాను దాన్ని. మోచేతుల దగ్గర ఎముక. రెండు చేతుల్తో నడుం చుట్టి కొలుచుకుంటున్న వేళ్ళు. ఈ మధ్య దాని కంచంలో వేపుడు ముక్కలు ఎందుకంత మిగులుతున్నాయో, వాటిని నోట్లో వేసుకుంటున్న నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చుని అది ఫోను చూస్తోందనుకున్నాను. నన్ను చూసింది. నేర్చుకుంది.

"ఇలా రా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకో సిరంజి తీసి మందు ఎక్కించాను. పొట్ట మీద చర్మం పట్టుకుని దాని ముందే గుచ్చుకున్నాను.

"ఇన్ని రోజులూ దీన్ని సింకులో పారబోస్తున్నాను," అన్నాను.

"ఎందుకు?"

"సన్నగా ఉండాలని."

దాని మొహం పాలిపోయింది. "చచ్చిపోతావు కదమ్మా!"

"అవును."

అది నన్ను రెండు చేతులతో చుట్టేసి ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఏడవడానికి ఓపిక లేదు. దాని వీపు మీద వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగులుతుంటే లెక్కపెట్టకూడదని మాత్రం అనుకున్నాను. ఆ పూట నేను షాపుకీ, అది స్కూలుకీ వెళ్ళలేదు. దాన్ని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది.

ఆ సాయంత్రం ఒకటే వంట చేశాను. ఉల్లిపాయలు నూనెలో వేయించి, నానబెట్టిన గింజలూ కూరగాయలూ వేసి ఒక పెద్ద గిన్నెలో కూర. గుడ్లు ఉడకబెట్టాను. అన్నం వండాను. నాలుగు కంచాలు టేబుల్ మీద పెట్టి, అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు," అని, ఇంకొంచెం వడ్డించుకున్నారు. అమ్మాయి గుడ్డుని చెంచాతో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. నేను దాన్ని తినమనలేదు. నా అన్నం నేను తిన్నాను. కాసేపటికి అది ఒక ముక్క తుంచుకుంది.

మా ఆయన స్నానం చేసి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. "వేపుడు లేదా?"

"లేదండీ. ఇక నుంచి అందరికీ ఒకటే."

ఆయన నా కంచంలో అన్నం చూశారు. నా మొహం చూశారు. అమ్మాయి ఉందని గొంతు తగ్గించి, మంచికే చెప్తున్నట్టు, "ఇలా అయితే మళ్ళీ లావైపోతావు," అన్నారు.

ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాను.

"అవుతాను. బతికున్నవాళ్ళే కదండీ లావయ్యేది."