సంయోగపద వివాదము

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నవేళ ప్రచండమార్తాండకిరణసంతప్తమై మిరపగిడ్డంగుల ఘాటును మోసికొనివచ్చు వడగాలికి కన్నులు నులుముకొనుచు గుంటూరు పట్టణమెల్ల తలుపులు బిగించుకొనియుండ అచ్చటి యొక కళాశాలయందు మాత్రము తడిపిన వట్టివేళ్ల తడకల చాటున ఇద్దరు విద్వద్వరేణ్యులు ఒక్క మాటకొరకు మూడువారములుగా పోరాడుచుండిరి. వారి నడుమ తలపట్టుకొని కూర్చుండినవాడు తెలుగుపండితుడగు ఈరంకి నరసింహావధాని.

ఆ సంవత్సరము కళాశాల తెరచుదినమునుండి శాస్త్రపాఠములను తెలుగున చెప్పుటకు ప్రభుత్వమువారు సమ్మతించిరి. అయితే అంతకుముందే పారిభాషికపదకోశము అచ్చుపడి తమ చేతికి రానియెడల పాఠములు ఎప్పటివలె ఆంగ్లముననే సాగునని ఖండితముగ వ్రాసిరి. చిరకాలముగా తన భాషకు శాస్త్రపీఠమును కోరుచుండిన అవధాని ఆ కోశమునకు సంపాదకుడై మహోత్సాహమున ఒక్క మాటకు ఒక్క యర్థమే యుండవలెనని స్వయముగ నియమము చేసెను. ఆ నియమమే ఆతని మెడకు చుట్టుకొనెను.

రసాయనశాస్త్రోపన్యాసకుడగు దంటు రామభద్రరావు రెండు పదార్థములు కూడి తమ గుణములను విడిచి వేరొక పదార్థమగుటకు సంయోగమని వ్రాసికొనివచ్చెను. వృక్షశాస్త్రోపన్యాసకురాలగు సువార్తమ్మయు రెండు జీవకణములు కూడి ఒకే బీజమగుటకు సంయోగమనియే వ్రాసికొనివచ్చెను. విడువుమన్న ఇరువురును విడువరు. అవధాని సమ్మేళనమను మాటను రామభద్రరావునకు సవినయముగ నివేదింపగా ఆతడు కండ్లద్దములు తీసి తుడుచుకొనెను.

“సమ్మేళనమంటే టౌనుహాల్లో దండలు వేసుకుని చేసేదండీ. ఉదజనికీ ఆమ్లజనికీ దండలెవరు వేస్తారు?” అనెను.

కలయిక యను మాటను సువార్తమ్మయెదుట పెట్టగా ఆమె అది వినినంతనే తరగతియెల్ల నవ్వుననియు ఆ నవ్వు చల్లారునప్పటికి గంట మ్రోగుననియు చెప్పి త్రోసిపుచ్చెను.

వస్తువును చూడక మాటను పంచుట తగదని యెంచి అవధాని మొదట రసాయనప్రయోగశాలకు పోయెను. గాజుగొట్టములోని ఉదజని ఆమ్లజని యను రెండు వాయువులు నిప్పు సోకినంతనే టప్పున ప్రేలగా ఉత్తరీయము జారవిడిచి బల్లక్రిందికి దూరిన ఆ పండితుని రామభద్రరావు లేవనెత్తి గొట్టపుగోడను పట్టిన చెమ్మను చూపెను. మంటనుండి నీరు పుట్టియుండెను. పిదప వృక్షశాస్త్రశాలయందు సూక్ష్మదర్శినిలోనికి తొంగిచూచి దట్టమైన యడవియొకటి కనబడుచున్నదని పరమానందభరితుడై పలుకగా అది తమ కనురెప్పవెంట్రుకయని సువార్తమ్మ మర్యాదగా తెలిపి మరల చూపించెను. పచ్చని పాచిపోగులు రెండు ప్రక్కప్రక్కన నిలిచి నడుమ చిన్నవంతెన వేసికొనగా ఒకదానిలోని సారమంతయు రెండవదానిలోనికి జారి గుండ్రని బీజమై యుండెను. బ్రతుకంతయు మాటలను విడదీసి కూర్చినవాడయ్యు మాట పేర్కొను వస్తువును కన్నులార చూచుట ఆతనికదియే ప్రథమము. ఇక ఆ మాటను ఎవరినుండి లాగుకొనుటకును ఆతనికి చేయి రాకుండెను.

అచ్చునకు పంపవలసిన నాటి యుదయమున రామభద్రరావు ఒంటరిగా అవధాని యింటికి వచ్చి ముందుగ ప్రమాణము చేయించుకొని సువార్తమ్మ శాలలో తానును పాచిని చూచితిననియు ఆ మాట ఆమెకే చెల్లుననియు తన భాగమునుండి కొట్టివేయుమనియు తాను తగ్గినట్లు మాత్రము ఆమెకు తెలియరాదనియు చెప్పి వడివడిగ పోయెను. ఆతడు వీథిమలుపు తిరిగెనో లేదో సువార్తమ్మ వచ్చి తానును ముందు ప్రమాణమునే యడిగెను. మొగమాటము గల అవధాని కాదనలేక చేతిలో చేయి వేసెను.

“మంటలోంచి నీళ్లు రావడం నేనూ చూసొచ్చానండీ. దానికి ఇంకో పేరు పెట్టమని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. నా పుటలో ఆ మాట కొట్టేయండి. ఆయనకి మాత్రం తెలియనివ్వొద్దు,” అని ఆమె చెప్పెను.

ముద్రాలయపు మనిషి గుమ్మమున నిలిచి త్వరపెట్టుచుండెను. సత్యసంధుడగు అవధాని కన్నులు మూసికొని రెండుచోట్లను గీత గీసెను. ఇచ్చిన మాటను నిలుపుకొనుటకై ఆ మహానుభావుడు అసలు మాటనే పోగొట్టెను.

కోశము సకాలమున చేరెను. ప్రభుత్వమువారు దాని బరువు చూచి మెచ్చుకొనిరి. కళాశాలకు ప్రతులు వచ్చిన నాడు రామభద్రరావు వృక్షభాగమును సువార్తమ్మ రసాయనభాగమును ఆత్రముగ తిరుగవేసి ఆ మాట ఎచ్చటను కానరాక ఒకరినొకరు చూచుకొని పిమ్మట ఇరువురును అవధానిని చూచిరి. ఆతడు గోడనున్న పటమును మిక్కిలి శ్రద్ధతో పరిశీలించుచుండెను. మొదట నవ్వినది సువార్తమ్మ.

తరగతులు మొదలయిన నాడు అవధాని ప్రాణములుగ్గబట్టుకొని వసారాలో నిలిచెను. మొదటిగంటలో రామభద్రరావు కోశమును మూసి ప్రక్కన పెట్టి సంయోగమనియే చెప్పెను. రెండవగంటలో సువార్తమ్మయు అట్లే చెప్పెను. పిల్లల తలలు తిరిగిపోవునని భీతిల్లి అవధాని వెలుపలికి వచ్చుచున్న విద్యార్థిని నొకతెను ఆపి రెండుచోట్ల ఒక్కమాటయే వినబడగా తికమక కలుగలేదా యని యడిగెను.

“రావుగారన్నది నీళ్ల సంగతండి. అమ్మగారన్నది పాచి సంగతండి. తికమకేముంది పంతులుగారూ?” అని ఆ పిల్ల పుస్తకములు సర్దుకొనుచు వెడలిపోయెను.

మూడవగంట ఆతనిదే. వ్యాకరణపాఠము. అలవాటుచొప్పున నల్లబల్లమీద తమ నడుమ అచ్చు లేకుండ హల్లులు కూడుట సంయోగమని వ్రాసి వెనుదిరుగబోయిన అవధాని తన వ్రాతను తానే చదివికొని చేతి సుద్దముక్కతో అట్లే నిలిచిపోయెను. ముప్పదియేండ్లుగా ఏటేట వ్రాయుచుండిన మాట. తరగతియందు ఎవ్వరును ఆశ్చర్యపడలేదు. అందరును తలలు వంచుకొని వ్రాసికొనుచుండిరి.