తొమ్మిది ఫారాలు

ఇరవై మంది సభ్యులుంటేనే ఈ ఏడు కంటి శిబిరం పెడతామని నిజామాబాద్ ఆసుపత్రి వాళ్లు తేల్చి చెప్పారు. ఆపరేషన్ అయిన ఒక్కొక్కరికి ఒక్కో సభ్యుడు తోడుండాలట. బోధన్‌లో మా సేవా సంఘానికి అధ్యక్షురాలిని నేనే. ఉన్నది పదకొండు మందిమి, గడువు శనివారం.

కార్యదర్శి పాల్ రాజ్ నెల రోజులు చెప్పులరిగేలా తిరిగాడు. అందరూ "మస్తు మంచి పని అన్నా" అన్నవాళ్లే, సంతకం పెట్టినవాడు ఒక్కడూ లేడు. రుద్రూర్ నుంచి నర్సవ్వ మాత్రం రోజూ ఫోన్ చేసేది. చెరుకు కోతకు పోయే మనిషి, రెండు కళ్లకూ పొర కమ్మి ఇంట్లోనే కూర్చుంది.

"నా వంతు ఎన్నడొస్తది లిడియా బిడ్డా?" అని అడిగితే, "వస్తది అవ్వా" అనేదాన్ని. ఏ ధైర్యంతో అనేదాన్నో నాకే తెలియదు.

శుక్రవారం బిల్కిస్ కుట్టు దుకాణానికి వెళ్లాను. ఆపరేషన్ అయినవాళ్ల కళ్లకు కట్టే పచ్చ గుడ్డలు నాలుగేళ్లుగా ఉచితంగా కుట్టి ఇచ్చేది ఆమె, ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లే. ఈసారి కుట్టొద్దని చెప్పాను.

"ఎందుకు?"

"మనుషులు లేరు బిల్కిస్."

ఆమె కత్తెర కింద పెట్టింది. "మేం మనుషులం కామా అక్కా? ఏటా స్టేజీ మీదికి పిలిచి శాలువ కప్పుతరు, ఫోటో దిగుతరు, పంపిస్తరు. ఒక్కసారన్న ఫారం ఇచ్చిండ్రా? ఐతారం చర్చి అయినంక గాడనే మీటింగ్ పెట్టుకుంటరు. సంఘం మీ వాళ్లదే అనుకున్నం."

నాకు తల కొట్టేసినట్టయింది. సాయం చేసేవాళ్లను అతిథులను చేసి, ఎంతో మర్యాదగా గడప బయటే ఉంచామన్నమాట. ఇంత తెలివి మాకే ఉండాలి!

"తప్పయింది. ఇప్పుడిస్తే తీసుకుంటవా?"

"తియ్యి మరి. నేను, లోపల ఎనిమిది మంది. కని ఒక నెల మీటింగ్ మీ దగ్గర, ఒక నెల మా దుకాణంల."

లోపల మిషన్లు ఎప్పుడో ఆగిపోయాయి. అందరికంటే చిన్నది తూబా, ముందుగా వచ్చి చెయ్యి చాపింది.

తొమ్మిదో సంతకం పడగానే అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేశాను. వచ్చే గురువారం శిబిరం ఖాయమన్నారు. అమ్మయ్య అని స్టూలు మీద కూలబడ్డాను. నెల రోజుల బరువు దిగిపోయి కళ్లు తుడుచుకుంటూనే నర్సవ్వకు చెప్పాను.

"నిజమా బిడ్డా? మరి నాకు తోడెవరుంటరు?"

నేను నోరు తెరిచేలోపే బిల్కిస్ ఫోన్ లాక్కుంది. "నేనుంట అవ్వా. పొద్దుగాల్ల ఇంటికాడికే వస్త, తయారుండు."

"నువ్వెవలు బిడ్డా?"

బిల్కిస్ నా వైపు ఒకసారి చూసింది.

"సంఘం మెంబర్ని అవ్వా."