వేడి బీరువా

సీసా మూత బిగించి చెయ్యి తీయబోతుంటే, "ఇంకొంచెం బిగించు, ఊపిరి బయటకు పోతే లెక్క తప్పుతుంది" అన్నారు మేడం. ఎవరి ఊపిరా అని వెనక్కి తిరిగి చూశాను. సీసాలో ఉన్నది అడవి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టి.

తొమ్మిదో తరగతితో చదువాగిన నన్ను ఈ ల్యాబులో పెట్టుకున్నది సీసాలు కడగడానికి. అయినా మేడం విసుక్కోకుండా చెప్పారు. మట్టిలో కంటికి కనపడని ప్రాణులుంటాయట. రాలిన ఆకుల్నీ చచ్చిన వేళ్లనీ తిని ఊపిరి వదులుతాయట. వేడి పెరిగితే ఆబగా తింటాయి, నేల ఏళ్ల తరబడి దాచుకున్న కార్బన్ గాలిలో కలుస్తుంది, ఆ గాలి మళ్లీ నేలనే ఇంకా వేడెక్కిస్తుంది. అందుకే, ఎక్కడ ఎంత ఊపిరి వదులుతాయో కొలవడానికి, సగం సీసాలు చల్లటి బీరువాలో, సగం వేడి బీరువాలో. వేడి బీరువా తలుపు తీసినప్పుడల్లా నాకు మా వెనక గది గుర్తొస్తుంది.

మా ఇంట్లో ఫ్యాను ఒక్కటే, ముందు గదిలో. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఆయన పగలంతా తలుపేసుకుని దాని కింద పడుకుంటారు. వెనక గదిలో, రేకుల కింద, ఏడాది నిండని మా బుజ్జిది. ఉయ్యాల ముందు గదిలో కడదామంటే, దాని ఏడుపుకి నిద్ర చెడి రేపు మిషన్లో చెయ్యి పెట్టేస్తే నువ్వు పోషిస్తావా అన్నారు. అత్తయ్యయితే నవ్వేసింది. మీ ఆయన్నీ ఈ రేకుల కిందే పెంచాను, కాలిపోయాడా, కరిగిపోయాడా అంది. తడిగుడ్డతో పిల్ల ఒళ్లు తుడవడం, దాని డొక్కలు ఎగసిపడుతుంటే నా ఊపిరి బిగబట్టుకుని చూడటం, ఆయన లేచేసరికి అన్నం వేడిగా ఉంచడం, మధ్యలో పరుగున ఇక్కడికొచ్చి సీసాలు తోమడం. మట్టి ఈ వేడికి తట్టుకుంటుందో లేదోనని ఇంతమంది చదువుకున్నవాళ్లు కంగారు పడుతున్నారే, నా పిల్ల సంగతి ఒక్కరూ అడగరేం అని మట్టి మీద కుళ్లుకున్నాను కూడా.

ఇవాళ వేడి బీరువాలో సీసాల ఊపిరి తగ్గిపోయిందని మేడం అంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"అలవాటు పడిపోయిందన్నమాట" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఇక్కడ జరిగింది అలవాటు కాదమ్మా. లోపల తినడానికి ఏమీ మిగల్లేదు."

చేతిలో బ్రష్షు సింకులో పడింది. పొద్దున బయల్దేరుతుంటే అత్తయ్య అన్న మాట చెవిలో మోగింది. నిన్నటి నుంచి ఏడుపే లేదు చూశావా, వేడికి అలవాటు పడిపోయింది నీ కూతురు, అంది. నేను సంబరపడ్డాను కూడా.

ఇంటికెలా వచ్చి పడ్డానో తెలీదు. బుజ్జిదాని కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి. పిలిస్తే చూడలేదు, ఊపిరి మాత్రం పైపైన ఆడుతోంది. పడుకున్న పిల్లని కదపకే అంటోంది అత్తయ్య. పిల్లని భుజాన వేసుకుని, పగటిపూట నేనెన్నడూ తట్టని ముందు గది తలుపు కాలితో తోశాను. ఫ్యాను గాలి మొహానికి కొట్టింది.

"లేవండి. బండి తీయండి, ఆసుపత్రికి."

ఆయన కళ్లు నలుపుకుంటూ, ఇప్పుడే కదా నిద్ర పట్టింది అని గొణిగారు.

"ఇది బతికొస్తే ఈ గదిలోకే వస్తుంది" అన్నాను. "లేదంటే నేనూ రాను."